గురువారం దాకా మాటిచ్చిన తాత

ఇళ్లల్లో ఫోనులు లేని ఆ కాలంలో పెళ్లి కబురైనా చావు కబురైనా ఎవరో ఒకరి కాళ్ల మీద నడిచి రావలసిందే. ఆ మనిషి దారిలో టీకి ఆగినా, బస్సు తప్పిపోయినా కబురు కూడా అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు మనిషి పూర్తిగా పోకముందే ఫోనులో దండం పెట్టే బొమ్మలు వచ్చేస్తున్నాయి. (మా మనవరాలు నాకూ ఒక ఫోను ఇచ్చింది. పొద్దున్న తెరిస్తే పువ్వులు, దేవుళ్లు, మధ్యలో ఎవరిదో చావు. అన్నిటికీ ఒకే బొమ్మ నొక్కుతానని అది నన్ను తిడుతుంది.) ఆ కాలమే మంచిదని నేను అనను, దోమలూ చీకటీ నాకు బాగానే గుర్తున్నాయి. కానీ కబురు ఆలస్యంగా రావడంలో మాకొక వెసులుబాటు ఉండేది. మా వాళ్లలో మైల మనిషి పోయినప్పుడు మొదలవదు. పోయాడని చెవిన పడినప్పుడు మొదలవుతుంది. చెవిన పడలేదా, పెళ్లి చేసుకోవచ్చు, పీటలెక్కవచ్చు, పరమాన్నం తినవచ్చు. ఆ వెసులుబాటును పట్టుకుని నాన్నా, అత్తా, నేనూ ఒక రోజంతా జీపులో ఎలా తిరిగామో తలుచుకుంటే నవ్వు వస్తుంది. ఆ రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పుడు నాకు పదహారేళ్లు. ఐదో తరగతితో బడి మానిపించారు కాబట్టి ఇంట్లో పసుపు దంచడం, పిడకలు లెక్కపెట్టడం, ఎవరైనా దీపం వత్తి పెద్దది చేస్తే గొడవ పెట్టడం నా పని. మా అక్క పెళ్లి గురువారం. దానికి అంతకుముందే రెండు ముహూర్తాలు తప్పిపోయాయి. మొదటిసారి పెళ్లికొడుకు వాళ్ల మామ్మ పోయింది. రెండోసారి తుఫాను వచ్చి పందిరితో పాటు మా కొబ్బరి చెట్లనూ పడగొట్టింది. మూడోసారి ఈ గురువారం. అది దాటితే మూఢం, మూడు నెలల దాకా మంచి రోజు లేదు. పెళ్లికొడుకు తల్లి మా అమ్మతో మెల్లగానే చెప్పింది, "ఈసారీ తప్పిపోతే మరి రాసిపెట్టి లేదనుకుందుమమ్మా, మా వోడికి వేరే సంబంధాలు సూసుకుందుం," అని. అక్క ఆ మాట విని బియ్యం ఏరడానికి కూర్చుంది. బియ్యం డబ్బాలో అడుగున ఆ అబ్బాయి ఫోటో దాచుకుందని నాకొక్కదానికే తెలుసు. (బియ్యం తీసేటప్పుడు ఫోటోకి తవుడు అంటకుండా పక్క నుంచి తియ్యమని నన్ను బతిమాలేది.)

ఇంతా కుదిరాక పెద్ద తాత మంచం ఎక్కాడు. మా తాతకి అన్న, హరిశ్చంద్రపురంలో ఉండేవాడు. నాన్న చిన్నతనంలోనే మా తాత పోతే నాన్ననీ, మా అత్తనీ పెంచింది ఈయనే. నాన్నకి ఈత నేర్పిందీ, నాగలి పట్టించిందీ, చెవి మెలిపెట్టి బడికి తోలిందీ ఆయనే. రెండు నెలలుగా గంజి తప్ప ఏదీ దిగడం లేదు. ఇవాళో రేపో అని వచ్చిన వాళ్లందరూ చెప్పి పోతున్నారు. ఆయనకి మేము పదిరోజుల మైల పట్టవలసిన వాళ్లం. ఆయన పోయిన కబురు మా గుమ్మంలోకి వచ్చిందంటే అక్క పెళ్లి ఆగినట్టే. అలాగని ఊరుకోవడానికీ లేదు. పెళ్లికి మా ఇంటి ఆడది వెళ్లి బొట్టు పెట్టి పిలవకపోతే ఒక్కరూ రారు. అందరినీ పిలిచి ఇంటి పెద్ద ఇంటికి వెళ్లకపోతే అంతకన్నా తలవంపు లేదు. వెళితే అక్కడ ఏం వినాలో తెలియదు. నాన్న మూడు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

దారి చూపించింది మా అత్త. నాన్నకి అక్క, అత్తవారిది వేరే గోత్రం కాబట్టి ఏ కబురు విన్నా ఆవిడకి తలస్నానంతో సరిపోతుంది. "ప్రతి ఇంటికాడా ముందు నాను దిగుతాను. ఇంజను ఆపొద్దు, ఆ మోతకి నీ సెవిన ఏటీ పడదు. అంతా బాగుంటే కొంగు ఊపుతాను, అప్పుడు దిగండి. బాగోనేదా, తల దించుకుని వొచ్చి కూకుంతాను. ఎల్లిపోదుం," అంది. "నువ్వు తల దించుకుని వొత్తే నాకు తెలిసిపోదేటప్పా?" అన్నాడు నాన్న. "తెలవడం వేరు, ఇనడం వేరు. కల్లు మూసుకో," అంది అత్త. ఇంత శాస్త్రం ఆవిడకి ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఇంజను ఆపకుండా రోజంతా ఆయిలు తగలెడతారా అని మాత్రం నా కడుపు రగిలిపోయింది.

కాశీబుగ్గలో ఒకాయన దగ్గర జీపు మాట్లాడారు. మామూలు రోజుల్లో అందులో జీడిగింజల బస్తాలు తోలేవాడు. సీట్ల నిండా జీడి మరకలు, నా పావడాకి అంటిన మరక ఇప్పటికీ పోలేదు. (ఆ పావడా చింపి పసిబట్టలు కుట్టాను, వాటికీ ఉంది.) డ్రైవరుని మేము జీపు మావ అనేవాళ్లం. నాన్న ముందు, వెనక అత్తా నేనూ. నా ఒళ్లో కుంకుమ భరిణె, పసుపు రాసిన శుభలేఖలు, పేర్లు రాయడానికి పెన్ను. పేర్లు రాసే పని నాది, భరిణె పట్టుకుని బొట్టు పెట్టే పనీ నాదే. వెళ్లిన మొదటి ఇంట్లోనే అత్త నన్ను తిట్టింది. "బొట్టు పెట్టమంటే సూదితో పొడిసినట్టు పెడతన్నావేటే? కుంకం అరిగిపోద్దనా?" అంది. అరిగిపోతుందనే.

మందసలో నాన్న చిన్ననాటి స్నేహితుడు ఒక మాస్టారు. అత్త ఇంకా అరుగు ఎక్కకముందే ఆయన ఆవిడని దాటుకుని వీధిలోకి పరిగెత్తుకొచ్చి, రెండు చేతులూ ఎత్తి, "ఒరే! సంగతి తెలిసిందేట్రా?" అని అరిచాడు. నాన్న మొహం సున్నం కొట్టినట్టయింది. "పోనీ మావా, పోనీ!" అన్నాడు. జీపు మావ పోనిచ్చాడు. మాస్టారు వెనకాల పరిగెడుతున్నాడు, ఆయన వెనకాల అత్త, అత్త వెనకాల రెండు కుక్కలు. సంత దాకా వెళ్లాక అత్త ఒక సైకిలు ఆపి, దాని వెనక కూర్చుని వచ్చి మమ్మల్ని పట్టుకుంది. "బదిలీ అయిందట్రా! పలాస బడికి బదిలీ అయిందట!" అని రొప్పుతూ చెప్పింది. మేము వెనక్కి వెళ్లేసరికి మాస్టారు గోడకి తిరిగి కూర్చున్నాడు. "మీ ఊరొత్తన్నానంటే పారిపోయినావు గదరా. నీ ఇంటికి రోజూ బోయనానికి ఒత్తాననుకున్నావేటి?" అన్నాడు. ఆయనని బుజ్జగించడానికి గంట పట్టింది. నిజం చెప్పడానికి వీల్లేదు, చెబితే పెద్ద తాత గురించి ఆయన ఏదో ఒకటి అనేస్తాడు కదా.

పూండిలో తప్పు నాది. మా చిన్నమ్మమ్మ వరస ఆవిడ అరుగు మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నేను ముందే చూశాను. ఇంకేముంది, నాన్న తలని రెండు చేతులతో ఒంచి తువ్వాలు కప్పేశాను. ఆయన నుదురు పోయి ముందున్న ఇనప కమ్మీకి కొట్టుకుంది. అత్త వెళ్లి చూస్తే ఆవిడ పొయ్యిలో జీడితొక్కలు పెట్టింది. వాటి పొగకి ఊరంతా ఏడుస్తుందని మా పలాస వాళ్లకి నేనొకదాన్ని చెప్పాలా? కొంగు ఊపింది, దిగాము. నాన్న నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. ఆవిడ దానికి పసుపు రాస్తూ, "పెల్లి పిలుపులకొచ్చినావా, తగువుకెల్లొచ్చినావా నాయనా?" అంది. పెళ్లి ఫోటోల్లో నాన్న నుదుటి మీద ఆ బొప్పి ఇప్పటికీ ఉంది, మా ఇంటి గోడ మీద.

టెక్కలి చేరేసరికి ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. అక్కడ అత్త ఆడపడుచు ఇంట్లో భోజనం. ఆవిడకి మా తంటా అంతా తెలుసు. అత్తని పెరట్లోకి తీసుకెళ్లి ఏదో గుసగుసలాడింది. అత్త వచ్చి విస్తరి ముందు కూర్చుని, పెద్ద తాత మొన్నటి వరకూ గంజి తాగాడట అంది. "మొన్నటి వరకూనా? మరి నిన్న?" అన్నాడు నాన్న. "నిన్న సంగతి ఆవిడకి తెలవదు." నాన్న మళ్లీ లేచిపోయాడు. ఆయన విస్తట్లో అన్నం వదిలేస్తే నాకు ఊపిరాడలేదు, అదీ నేనే తిన్నాను.

హరిశ్చంద్రపురంలో రైలు గేటు పడి ఉంది. అక్కడ ఆగినప్పుడు నాన్న, ఖాళీ దొరికితే దీపం వత్తులు చేద్దామని నేను తెచ్చుకున్న దూది అడిగి తీసుకుని చెవుల్లో పెట్టుకున్నాడు. (నాలుగు వత్తుల దూది. అయినా ఇచ్చాను, అదీ నా పెంపకం.) పెద్ద తాత ఇంటి ముందు జీపు నిలబడింది. గుమ్మం ముందు చెప్పులు. రెండు జతలూ మూడు జతలూ కాదు, అరుగు పొడవునా చెప్పులు. జీపు మావ బీడీ పారేశాడు. అత్త ఒకసారి మావైపు చూసి లోపలికి వెళ్లింది. ఇంజను గడగడలాడుతోంది. ఎంతసేపటికీ కొంగు ఊపేవాళ్లు లేరు, తల దించుకుని వచ్చేవాళ్లూ లేరు.

నాన్న స్టీరింగు పక్క కమ్మీ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. నాకు అప్పుడు భయం వేసింది. మా నాన్న ఎప్పుడూ పెద్దగా నవ్వేవాడు, పెద్దగా ఏడ్చేవాడు, ఆవు చచ్చిపోయినా ఏడ్చేవాడు. ఆ రోజు గడ్డం వణుకుతోంది గాని ఏడవడం లేదు. ఏడవడానికి వీల్లేదు. ఏడిస్తే తెలిసినట్టే కదా. తనని పెంచిన మనిషి ఇంటి ముందు, ఆయన ఉన్నాడో లేడో అడగకుండా, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు. అదంతా ఒక కూతురి కోసం. బియ్యం డబ్బాలో ఫోటో సంగతి ఆయనకీ తెలుసేమోనని నాకు అప్పుడు అనిపించింది.

గుమ్మంలోంచి అత్త వచ్చింది. కొంగు ఊపలేదు, తల దించుకోలేదు, నోరు తెరుచుకుని వచ్చింది. ఆవిడ వెనకాల, ఇస్త్రీ పంచె కట్టుకుని, కర్ర పట్టుకుని, పెద్ద తాత! నలుగురు పట్టుకోబోతుంటే కర్రతో తోసేస్తూ జీపు దాకా నడిచి వచ్చి, నాన్న చెవిలోంచి దూది పీకి కింద పారేశాడు.

"ఏట్రా, దిగవేటి? నాను సచ్చినానో నేదో సూసి రమ్మని మీ అప్పని పంపినావా?"

నాన్న దిగలేదు, దిగబోయి పడ్డాడు. ఆయన కాళ్ల దగ్గరే పడ్డాడు కాబట్టి దండం పెట్టాడని అందరూ అనుకున్నారు. తాత నాన్న తల మీద చెయ్యి పెట్టి, "మీ తంటా నాకు తెలుసురా. టెక్కలోలు ఊరంతా సాటింపేత్తన్నారు. ఇను, గురువారం దాకా సావను. మాటిత్తన్నాను. అయితే ఈ మంచం మీద కాదు, నన్ను పెల్లింటికి అట్టుకెల్లండి. అందరికీ సెప్పేసినాను ఎలిపోతన్నానని," అన్నాడు. ఆ చెప్పులన్నీ ఆయన వీడ్కోలుకి పిలిపించుకున్న వాళ్లవి. ఇంతలో ఆయన కోడలు, మా పెద్దమ్మ, మందుల సంచీ, గంజి గిన్నె, రెండు పంచెలు తెచ్చి జీపులో పెట్టేసింది. అంత త్వరగా ఎవరూ మూట కట్టలేరు, అది పొద్దుటి నుంచే కట్టి ఉంది.

చనిపోతాడేమోనని పొద్దుటి నుంచి ఎవరి కబురు వినకుండా పారిపోయామో, ఆ మనిషినే ఒళ్లో పెట్టుకుని తిరుగు ప్రయాణం అయ్యాము. దూరాన పోతే వినకుండా ఉండవచ్చు, జీపులో పోతే? పెళ్లిపందిట్లో పోతే? అత్త నన్ను తాత పక్కన కూర్చోబెట్టి చెవిలో చెప్పింది, "ముక్కు కింద ఏలు పెట్టి సూత్తా ఉండు." ఆయన కళ్లు మూసుకున్నాడంటే నేను వేలు పెట్టేదాన్ని. ఊపిరి తగలగానే గణపతికి ఒక కొబ్బరికాయ మొక్కుకునేదాన్ని. (కోటబొమ్మాళి దాటి టెక్కలి వచ్చేసరికి ఆరు కాయలు అయ్యాయి, తర్వాత చిన్న కాయలైనా పరవాలేదని దేవుడితో ఒప్పందం చేసుకున్నాను.) కళ్లు తెరవకుండానే తాత అన్నాడు, "ఏలు తియ్యే గుంటా, మీసాలు కితకితలెడతన్నాయి."

టెక్కలి దాటాక ఆయన కర్రతో జీపు మావ భుజం తట్టాడు. "కుడి పక్కకి తిప్పు. ఉద్దానం ఎల్దుం. కొబ్బరి బావని సూసి ఏడాదైపోనాది." కొబ్బరి బావ ఆయన చుట్టం కాదు. ఇద్దరూ నలభై ఏళ్లు కలిసి ఉద్దానం కొబ్బరికాయలు బళ్ల మీద తోలారు. నాన్న, "పెద్దనాన్నా, ఆ గతుకుల్లో మీకు..." అనబోతే, "గురువారం దాకా మాటిచ్చినాను గదా, ఏటి నీ బయం?" అన్నాడు. మాట ఇచ్చిన మనిషిని ఏమనగలం? నౌపడా ఉప్పు మడులు దాటి, జీడితోటలు దాటి, సముద్రపు గాలి తగిలేసరికి ఇసకలో చక్రాలు దిగబడ్డాయి. నాన్నా, అత్తా, నేనూ తోస్తుంటే తాత లోపల కూర్చుని, "బేగి తొయ్యండి, తిన్న అన్నమేటైపోనాది?" అని కేకలు వేశాడు. నేను ఆ రోజు రెండు విస్తళ్లు తిన్నానని ఆయనకి ఎవరు చెప్పారో.

కొబ్బరి బావ ఇంటి ముందు జీపు ఆగింది. పొద్దుటి నుంచి అలవాటైపోయింది కాబట్టి ఎవరూ చెప్పకుండానే అత్త ముందు దిగింది, జీపు మావ ఇంజను ఆపలేదు. అరుగు మీద కొబ్బరి బావ కొడుకు లేచి నిలబడ్డాడు, అత్తతో ఏదో చెప్పాడు. తలుపు దగ్గరికి వచ్చిన అతని ముసలి తల్లి జీపులో తాతని చూసి చటుక్కున లోపలికి వెళ్లిపోయింది. ఆ ఒక్క క్షణంలోనే ఆవిడ నుదురు మేమంతా చూశాం. బొట్టు లేదు. అత్త వెనక్కి తిరిగింది. తల దించుకుని వచ్చింది.

రోజంతా మేము భయపడిన ఆ నడక అదే. మాకు ఏ మైలా లేదు, పెళ్లికి ఏ అడ్డూ లేదు. అయినా అత్త జీపు దగ్గర నిలబడి, "కొబ్బరి బావ తోటకెల్లేడట పెద్దనాన్నా. ఇప్పుడప్పుడే రాడట," అంది. తాత ఆ తలుపు వైపే చూస్తున్నాడు. తర్వాత కర్ర ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ మెల్లగా ఎత్తి, రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నాడు.

"ఇంజను ఆపకు," అన్నాడు జీపు మావతో. "నాకేటీ ఇనబళ్లేదు. తోటకెల్లేడు. అంతే గదా. గుంటా, ఆడి పేరు రాసి కార్డు ఇచ్చెయ్యి. ఒచ్చినాక గురువారం పెల్లికి రమ్మని సెప్పమను."

నేను రాశాను. అప్పటిదాకా ఒకే వీధిలో రెండిళ్లుంటే ఒక కార్డుతో సరిపెట్టిన దాన్ని, తిరిగి రాని మనిషి పేరు మీద కొత్త కార్డు తీసి, ఐదో తరగతి అక్షరాల్లో, గారు అని కూడా చేర్చి రాశాను. ఆ కొడుకు రెండు చేతులతో అందుకుని, "అలాగే, సెప్తాను తాతా," అన్నాడు. పలాస వచ్చేదాకా తాత వేళ్లు తియ్యలేదు. నేను ముక్కు కింద వేలు పెట్టలేదు.

గురువారం పెళ్లి అయింది. తాత మొదటి వరసలో కుర్చీ వేసుకుని కూర్చుని, తలంబ్రాలు తక్కువ పోశారని పురోహితుడితో దెబ్బలాడాడు. పక్కన ఒక కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. అక్క అత్తవారింటికి వెళ్లిన మూడో రోజు మా ఇంట్లోనే నిద్రలో పోయాడు. నాన్న వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చాడు. ఆ ఏడుపులో జీపులో మింగినది కూడా ఉందని నాకూ అత్తకీ మాత్రమే తెలుసు.

మొన్న ఒక మధ్యాహ్నం మా గేటుకి కొంచెం అవతల కారు ఒకటి వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు. అద్దాలు దించలేదు. మా ఆయన తమ్ముడి కొడుకు వాళ్ల కారు అని పోల్చాను, వాళ్ల అమ్మాయికి పెళ్లి అని విన్నాను. కారులోంచి ఎవరో వేరే ఇంటి అమ్మాయి ఒక్కతే దిగి, గేటు దగ్గర మా కోడలిని మెల్లగా అడుగుతోంది, "మామ్మగారు ఎలాగున్నారండీ?" అని. ఈమధ్య నెల రోజులు నేను ఆసుపత్రిలో ఉన్న మాట నిజమే. వెనక వరండాలో ఒడియాలు ఎండబెడుతున్న దాన్ని చెయ్యి కడుక్కుని గేటు దాకా వెళ్లాను. "ఉన్నాను. ఆ ఇంజను ఆపమను, ఆయిలు దండగ. దిగి రమ్మను," అన్నాను.

అందరూ దిగారు, ఎవరి కళ్లు నా కళ్లకి కలవలేదు. బొట్టు పెట్టారు, బాగా పెద్దదే పెట్టారు. ఇంకా ఎక్కడికని అడిగితే ఉద్దానం అన్నారు. ఆ పక్క నాతో ఐదో తరగతి దాకా చదివిన మనిషి ఒకతె ఉంది. పండగ నుంచి దాని ఫోను రాలేదు. నేనూ చెయ్యలేదు. "కారులో చోటుందేట్రా?" అన్నాను. మా ఆయన తమ్ముడి కొడుకు మొహంలో ఆ రోజు జీపులోని నాన్న మొహం కనబడింది. "పెల్లి ఎప్పుడు?" అన్నాను. "ఆదివారం, పెద్దమ్మా." "ఆదివారం దాకేగా? మాటిత్తన్నాను, పద."

ఇప్పుడు రోడ్లు నున్నగా ఉన్నాయి, గతుకులు లేవు, కారులో చల్లగాలి. పూండి దాటాక కళ్లు మూసుకున్నాను. కాసేపటికి పక్కనున్న ఆ వేరే ఇంటి అమ్మాయి వేలు నా ముక్కు కిందికి వచ్చింది. మెత్తగా, భయం భయంగా. నాకు మీసాలు లేవు కాబట్టి కితకితలు పెట్టలేదు. తియ్యమని అందామనుకున్నాను. కానీ పదహారేళ్ల నా వేలు గుర్తొచ్చింది. ఆ పిల్లని కొంచెం ఏడిపిద్దామని ఊపిరి బిగబట్టాను, ఎంతోసేపు కాదు, ఒక చిన్న కొబ్బరికాయ మొక్కుకునేంతసేపు.